పదిహేడు దాటితే

మిర్యాలగూడల మా రైస్‌మిల్లు పైగది.
కింద ఉప్పుడు వడ్ల ఆవిరి, పైన ఊక దుమ్ము,
నడుమ నేనూ, నా లాప్‌టాపూ,
దాంట్ల ఒక ఏజెంటు.

దానికి చేతుల్లేవు.
నేను అప్పజెప్పిన పనిముట్లే చేతులు.
వాటిని అది చూడలేదు, ముట్టలేదు.
పేరు కింద నేను రాసిన వాక్యం చదివి
ఏది పట్టాల్నో తేల్చుకుంటది.

తూకం: "ధాన్యం వివరాలు తెస్తుంది."
తేమ: "ధాన్యం వివరాలు తెస్తుంది."
రాసేటప్పుడు నాకు తేడా ఎరుకే గదా,
రాయకున్నా కాగితం మీద ఉన్నదనుకున్న.
మా అమ్మమ్మ ఇంట్ల సోలా, తవ్వా
ఒక్క తీరుగనే మసిబారి ఉండేవి.
వాటి మీద పేర్లు లేవు, ఆమె చెయ్యి తప్పలేదు.
ఇది అమ్మమ్మ కాదు.

నలభై ప్రశ్నలు వేసిన.
"వేములపల్లి లోడు ఆరిందా?" అంటే
పోయి తూకం పట్టుకొచ్చింది.
ఇరవై రెండు టన్నుల మూడు క్వింటాళ్లని
ఎంతో వినయంగ చెప్పింది.
మనిషైతే కనీసం తల గోక్కుంటడు.
ఇరవై మూడు ఒప్పు.
ముందు దాన్ని తిట్టిన,
తర్వాత నా వాక్యం చూసిన.

మర్నాడు కసిగ రాసిన:
"తేమ అన్నిటికంటే ముఖ్యమైన పనిముట్టు,
ఎప్పుడైనా ముందు దీన్నే వాడాలి."
ఇగ చూడు,
లారీ ఏడున్నదంటే తేమ కొలిచింది.
హమాలీల కూలి ఎంతంటే తేమ కొలిచింది.
డ్రైవర్ ఫోన్ నంబరు అడిగితే
పద్నాలుగున్నర శాతం అన్నది.
పద్దెనిమిది ఒప్పు.
పెండ్లిల మైకు తీసుకపోయి
ఒక్కని చేతికే ఇచ్చినట్టయింది.

చాయ్ కోసం కిందికి దిగిన.
కాంటా కాడ జానయ్య,
బీహార్ నుంచి నిన్న దిగిన పిల్లగానికి పని చెప్తున్నడు.
వానికి తెలుగు రాదు, ఈయనకు హిందీ సగం.
సంచిలకు మోచేతి దాకా చెయ్యి పెట్టించిండు,
పిడికెడు తీయించి
రెండు గింజలు పంటికింద వేయించిండు.
"కటుక్కంటే కాంటా. మెత్తగుంటే కాంటా నై. ఉధర్."
ఉధర్ అంటే ఆరబోసే కళ్లం.
అంతే.
పొద్దుగూకే దాకా ఆ పిల్లగాడు
ఒక్క సంచి తప్పు మొయ్యలేదు.
కాంటా ఎంత గొప్పదో జానయ్య చెప్పనే లేదు,
ఎప్పుడు దాని జోలికి పోవద్దో చెప్పిండు.

చాయ్ గ్లాసు పక్కన పెట్టి, చెరిపి, మళ్ల రాసిన:
"తూకం: బరువు ఒక్కటే చెప్తది, క్వింటాళ్లల్ల.
గింజ ఎండిందా పచ్చిదా దీనికి తెల్వదు.
లోడు నంబరు లేకుంటే పిలవకు, అడుగు."
"తేమ: శాతం చెప్తది. పదిహేడు దాటితే
కాంటాకు తోలకు, కళ్లానికి తోలు.
లారీల ముచ్చట దీనికి పట్టది."
పుస్తకం భాష పోయి మా మిల్లు మాటొచ్చింది.
అదేం ఎక్కిరించలేదు.

ముప్పై ఆరు.

మిగిలిన నాలుగుల మూడు నా తప్పులే,
నిడమనూరుకు దీర్ఘమెక్కువ కొట్టిన.
నాలుగోది ఇది:
"వడ్లు మంచిగున్నయా?"
జవాబు పట్టీల నేను ఒప్పని రాసుకున్నది, తేమ.
అది ఏ పనిముట్టూ ముట్టలేదు.
తిరిగి నన్నే అడిగింది,
"అడిగేది అమ్మేటోళ్లా, కొనేటోళ్లా?"

కిటికీలకెళ్లి వంగి
జానయ్యను అదే ప్రశ్న అడిగిన.
తువ్వాలతో మెడ మీది ఊక దులుపుకుంట
తలెత్తి, "ఎవరికమ్మా?" అన్నడు.

ఇంటూ కొట్టబోయిన గడి
అట్లనే ఖాళీగ ఉన్నది.
రేపు ముందుగాల
ప్రశ్నల పట్టీ దిద్దాలె.